క్రీడాపత్రికయందుఁ గర్తయు సాక్షియు

పత్రికకుఁ బాఠకులు ప్రాణము. పాఠకులను సంపాదించుటకు మార్గములు రెండు. లోకమున జరిగినదానిని దక్కినవారికంటె ముందుగా నిజముగాఁ జెప్పుట యొకటి. చెప్పఁదగినదానిని దానే జరిగించుట రెండవది. మొదటిది సాక్షిమార్గము, రెండవది కర్తృమార్గము. క్రీడాపత్రికలలోఁ గొన్ని రెండవ మార్గమునే ప్రధానముగ నవలంబించినవి. ఫ్రాన్సుదేశమునందలి లోటో యను దినపత్రిక దీనికిఁ బ్రసిద్ధోదాహరణము. 1900వ సంవత్సరమునఁ బుట్టి, రెండేండ్లకే చావుబ్రతుకుల నడుమఁ జిక్కి, 1903లోఁ దానే యొక సైకిలు పందెమును గల్పించి, దాని వార్తలచేతఁ బ్రత్యర్థిని జయించిన పత్రిక యిది. అయితే పందెమును నడపినవాఁడే దానినిగూర్చి సాక్ష్యము చెప్పవచ్చునా యను సందేహ మా విజయముతోడనే పుట్టినది. ఆ సందేహముయొక్క చరిత్రమే యిచట విషయము.

ఈ విచారమునకు శాస్త్రమర్యాద కొంత తోడ్పడును. పాణిని సాక్షిశబ్దమును సాక్షాత్తుగఁ జూచినవాఁడను నర్థమున సాధించెను. ప్రయోజకునికి హేతుసంజ్ఞను, దానితోఁ గర్తృసంజ్ఞను గూడ విధించెను. వండించువాఁడు గరిటె పట్టకున్నను వంటకుఁ గర్తయే. ఇఁక మనువు వ్యవహారనిర్ణయమున నర్థసంబంధము గలవారిని సాక్షులుగా నంగీకరింపలేదు. ఈ మూఁడు మాటలను గలిపి చూచినచోఁ బందెమును నడపెడి పత్రిక కన్నులారఁ జూచినదే యైనను, కర్తృత్వముచేతను, లాభసంబంధముచేతను దాని సాక్ష్యము పరీక్షింపవలసినదే యగును. శాస్త్రదృష్టిచేఁ దోఁచిన యీ యాక్షేపము చరిత్రయం దెట్లు పరిణమించినదో చూడఁదగును.

19వ శతాబ్ద్యంతమున ఫ్రాన్సునందలి క్రీడాదినపత్రికలలో లె వెలో యనునది యగ్రస్థానము వహించి యుండెను. అది 1892లో నారంభమై యాకుపచ్చకాగితముపై ముద్రింపఁబడుచుండెను. దాని సంపాదకుఁడు పియేర్ జిఫారు. ఇతఁడు కర్తృమార్గమును ముందే యెఱిఁగినవాఁడు. లె పెతీ జుర్నాల్ అను పత్రికలో నుండఁగా 1891లోఁ బారిసునుండి బ్రెస్టునకుఁ బోయి మఱల వచ్చెడి దాదాపు 1,200 కిలోమీటర్ల పందెమును గల్పించెను. షార్ల్ తెరోన్ దానిని 71 గంటల 22 నిమిషములలో ముగించి గెలిచెను. కాఁబట్టి పత్రికకొఱకుఁ బందెమును బుట్టించుట లోటోవారి యపూర్వకల్పన కాదు. దానిని బత్రికాజీవనమునకే యాధారముగఁ జేసికొనుట మాత్రము వారిది.

లోటో పుట్టుకకుఁ గారణము క్రీడ కాదు, రాజకీయకలహము. 1894లో డ్రేఫస్ అను సైనికోద్యోగి రాజద్రోహ మారోపింపఁబడి యన్యాయముగ శిక్షితుఁ డయ్యెను. 1906లోఁగాని నిర్దోషి యని తీర్పు పొందలేదు. ఆ నడిమికాలమున దేశము రెండుగాఁ జీలెను. జిఫారు డ్రేఫస్ పక్షము వహించెను. అతని పత్రికకుఁ బ్రకటన లిచ్చువారిలో ముఖ్యుఁడును, మోటారుబండ్ల నిర్మాతయు నగు ద దియోన్ ప్రభువు ప్రతిపక్షమువాఁడు. 1899 జూనులో నోతేయ్ గుఱ్ఱపుపందెముల చోట దేశాధ్యక్షుఁడగు లూబే తలపై నొకఁడు చేతికఱ్ఱతోఁ గొట్టెను. ఆ యల్లరిలో ద దియోన్ కూడఁ బట్టువడి 15 దినముల చెఱ పొందెను. జిఫారు తన రచనలలో నతనిని గర్హించెను. లె వెలోలోఁ బ్రకటనల వెలలు హెచ్చుగ నున్నవని యదివఱకే సణుగుచున్న నిర్మాతలకు నిది తగిన యదను. టైర్లు చేయు మిషెలిన్, సైకిళ్లు చేయు క్లెమాన్ మున్నగువారు ద దియోన్‌తోఁ గూడి వేఱొక పత్రికకు ధనము సమకూర్చిరి. అదియే 1900 అక్టోబరు 16వ తేదిని పసుపుపచ్చకాగితముపై వెలువడిన లోటో-వెలో.

దీనికి సంపాదకుఁడు ఆన్రీ దెగ్రాంజు. ధనవ్యవహారములు చూచువాఁడు విక్టర్ గొదే. దెగ్రాంజు మొదట న్యాయవాది కార్యాలయమున గుమాస్తా. 1893 మే 11వ తేదిని పారిసునందలి బుఫాలో పందెపుబాటపై నొక్క గంటలో 35 కిలోమీటర్ల 325 మీటర్లు సైకిలు త్రొక్కి, ఆ విషయమునఁ దొలి గణనీయప్రమాణమును నెలకొల్పినవాఁడు. ఇట్టివాఁడు సంపాదకుఁ డయ్యును, ధనికు లండగా నుండియుఁ, బత్రిక ప్రత్యర్థిని దాఁటలేకపోయెను. ప్రకటనలు పెట్టుబడిదారు లీయఁగలరు. పాఠకులను మాత్రము వారు తేలేరు. పైపెచ్చు పేరు విషయమున లె వెలోవారు వ్యాజ్యెము వేసి గెలిచిరి. 1903 జనవరి 16వ తేదినుండి వెలో యను పదమును దీసివేసి, లోటో యను పేరు మాత్రమే నిలుపుకొనవలసి వచ్చెను. ఆ పదమునకు సైకి లని యర్థము. లోటో యన మోటారుబండి. సైకిలు పాఠకులను గోరు పత్రికకు సైకిలు పేరే పోయినది.

అప్పటి కుపాయము సిద్ధముగ నుండెను. 1902 నవంబరు 20వ తేదిని భోజనసమయమున జెయో లెఫేవ్రు అను యువవిలేకరి దెగ్రాంజుతోఁ, బందెపుబాటలపై నాఱుదినములు జరిగెడి పందెములవంటిదానిని దేశమంతయుఁ జుట్టి జరిపిన నెట్లుండు నని పలికెను. దెగ్రాంజు మొదట సందేహించెను. గొదే ధనమిచ్చుట కంగీకరించెను. పేరు పోయిన మూఁడవనాఁడే, 1903 జనవరి 19వ తేదిని, ఫ్రాన్సుప్రదక్షిణ మను నర్థముగల తూర్ ద ఫ్రాన్స్ ప్రకటింపఁబడెను.

ఆ పేరు క్రొత్తది కాదు. ఆ దేశపు చేతిపనివారు విద్య పూర్తిచేసికొనుటకై యూరూరఁ దిరుగుటను బూర్వమునుండియు నట్లే వ్యవహరించుచుండిరి. 1877లో బ్రూనో యను మాఱుపేరుతో నొక విదుషి రచించిన పాఠ్యపుస్తకమున నిద్దఱు బాలురు ఫ్రాన్సంతయుఁ దిరుగుదురు. ఆ పుస్తకముయొక్క పేరును నిట్టిదే. దానిని బడిలోఁ జదివిన బాలురు 1903 నాఁటికి యువకులు. అందుచేఁ బందెపుఁ బేరు వినినంతనే, బాల్యమునఁ బటముపై వ్రేలుపెట్టి చూపిన యూళ్లు వారి మనస్సునఁ గదలినవనుట యసంగతము కాదు. పాఠకునికి ముందే పరిచితమైనదానిని గ్రొత్తకోరికగా మార్చుట దెగ్రాంజు నేర్పు.

అయినను మొదట స్పందన మల్పము. నియమితకాలమునకుఁ బట్టుమని పదునైదుగురే పేళ్లిచ్చిరి. దెగ్రాంజు పందెమును జూలైకి జరిపి, ప్రవేశరుసుమును 20 ఫ్రాంకులనుండి 10 ఫ్రాంకులకుఁ దగ్గించి, కొందఱికి దినమునకు 5 ఫ్రాంకుల బత్తెము నేర్పఱిచెను. జూలై 1వ తేదిని పారిసు చెంతనున్న మోన్‌జెరోన్ గ్రామమునుండి 60 మంది బయలుదేఱిరి. లియోన్, మార్సేయ్, తులూజ్, బోర్దో, నాంత్ పట్టణములమీఁదుగా మఱలఁ బారిసునకు 6 మజిలీలు. మొత్తము 2,428 కిలోమీటర్లు. మొదటి మజిలీయే 467 కిలోమీటర్లు. రేయింబవళ్లు త్రొక్కి 21 మంది మాత్రమే 19వ తేదిని గమ్యము చేరిరి. మోరీస్ గారిన్ 94 గంటల 33 నిమిషములలో ముగించి, రెండవవానికంటె దాదాపు మూఁడుగంటల ముందు నిలిచెను.

ఇందు పాఠకాకర్షణరహస్యము విచారింపఁదగినది. పందెపుబాటచుట్టును గూర్చున్నవాఁడు టికెట్టు కొని యాద్యంతము తన కన్నులతోనే చూచును. మఱునాఁటి పత్రిక వానికి జ్ఞాపకమాత్రము. మార్గముప్రక్క నిలిచినవాఁడు వెల యీయకయే చూచును. కాని చూచున దొక్కక్షణము. దుమ్ముతోఁ గప్పఁబడిన యొక మనుష్యుఁడు వచ్చును, పోవును. అతఁ డెవఁడు, ముందున్నవాఁ డెంతదూరమున నున్నాఁడు, రాత్రి యేమి జరిగినది, రేపెవఁడు గెలుచును అను ప్రశ్నలు మిగులును. కర్తృపదము వినఁబడి క్రియాపదము వినఁబడని వాక్యమున శ్రోతకుఁ గలుగు నాకాంక్షవంటిది యిది. ఆ యాకాంక్షను దీర్చునది యా కాలమునఁ బత్రికయే. పందెము వార్తలు రేడియోలో వినఁబడుట 1929 తరువాతిమాట. ఒక్కొక్క మజిలీ యొక్కొక్క వాక్యముగ, మూఁడువారముల కొక మహావాక్యముగఁ బందెము కూర్పఁబడినది. అది కన్నులకంటె ముందుగఁ జదువుటకై పుట్టిన క్రీడ.

ఫలము వెంటనే కనఁబడెను. అంతకుముందు సుమారు 25,000 ప్రతులు పోవుచుండిన లోటో, పందెమైన పిదప 65,000కుఁ బెరిగినట్లు చెప్పుదురు. 1904లో లె వెలో మూతపడెను. తరువాత జిఫారునే దెగ్రాంజు తన పత్రికలో రచనకుఁ బిలిచెను. ఇది యాతని యౌదార్యమునకు గుఱుతుగఁ జెప్పఁదగినది.

కాని మొదటి సంవత్సరముననే దోషబీజము కలదు. లెఫేవ్రు రైలుమీఁదను సైకిలుమీఁదను బందెమును వెంబడించుచు, నియమములు తప్పినవారిని బట్టు నధికారియై, రాక వ్రాసికొను లేఖకుఁడై, వార్త పంపు విలేకరియై యుండెను. న్యాయాధిపతి, సాక్షి, కథకుఁడు మువ్వురు నొక్కఁడే. ఒక్కఁడు దేశమంతటి రాత్రులకుఁ గాపలా యుండఁజాలఁడు. 1904లో నీ లోపము బయల్పడెను. సెంటెత్యేన్ సమీపమునఁ గొండదారిపైఁ దమయూరివాఁడు గెలువవలెనని జనులు చీఁకటిలోఁ దక్కినవారిని గొట్టిరి. కొందఱు పందెగాండ్రు రైలెక్కి రని యభియోగము వచ్చెను. ఆ సంవత్సరాంతమున సైకిలుక్రీడాసంఘమువారు గారిన్ మొదలుకొని మొదటి నలుగురిని ద్రోసిపుచ్చి, 19 ఏండ్ల ఆన్రీ కోర్నే యను వానిని విజేతగఁ బ్రకటించిరి.

ఇచట గమనింపవలసినవి రెండు. పందెము తన విజయముచేతనే చచ్చినదని దెగ్రాంజు తన పత్రికలోనే వ్రాసెను, దోషమును దాఁచలేదు. కాని తీర్పు చెప్పినవారు పత్రికవారు కారు, సంఘమువారు. కర్త లజ్జపడఁగలఁడు గాని తన్నుఁదాను విచారింపఁజాలఁడని దీనివలన స్పష్టము. దెగ్రాంజు పందెమును జంపలేదు. 1905లో మజిలీలను గుఱుచపఱిచి, రాత్రిప్రయాణమును దగ్గించి, కాలముచొప్పునఁ గాక స్థానముచొప్పున గణించు పద్ధతిని దెచ్చెను.

పిదప పందెముతోఁబాటు పత్రికయుఁ బెరిగెను. 1910లోఁ బిరెనీస్ కొండలు మార్గమునఁ జేరినవి. 1919 జూలై 19వ తేదిని ముందున్నవానికిఁ బసుపుపచ్చయంగీ యీయఁబడెను. లోటో కాగితపురంగును నదియే. మొదట దానిని దొడిగినవాఁడు ఎజేన్ క్రిస్తోఫ్. పత్రికారంగు పందెగాని వంటిమీఁది కెక్కుటతోఁ గర్తృముద్ర సంపూర్ణమైనది.

1924లో వెలుపలినుండి వేఱొక సాక్షి వచ్చెను. పూర్వసంవత్సరపు విజేత యగు ఆన్రీ పెలిస్సియే, అతని తమ్ముఁడు ఫ్రాన్సిస్, మఱియొకఁడును గుతాన్స్ పట్టణమునఁ బందెమును విడిచిరి. ఉదయపుఁజలికిఁ దొడిగిన పైయంగీని నడుమ విడువరాదను నియమముపైఁ గలహము. లె పెతీ పరిజియాన్ పత్రికా విలేకరి ఆల్బేర్ లోంద్ర్ వారిని కాఫీహోటలులోఁ గలిసికొనెను. వారు తమ సంచులు విప్పి, కన్నులకుఁ గొకెయినును, చిగుళ్లకుఁ గ్లోరోఫారమును, తక్కిన మాత్రలను జూపిరి. లోకమున కీ సంగతులను జాటినది పందెమును నడపు పత్రిక కాదు. అయినను న్యాయముగఁ జెప్పవలసిన దొకటి కలదు. సైకిలుపందెముల నెఱుఁగని లోంద్ర్‌ను గొంత యాటపట్టించితిమని ఫ్రాన్సిస్ తరువాతఁ జెప్పెను. అర్థసంబంధము లేని సాక్షికి విషయపరిచయమును లేకపోవచ్చును. లోపలివాఁ డెఱిఁగియుఁ బలుకఁడు. వెలుపలివాఁడు పలికియు నంతయు నెఱుఁగఁడు. పాఠకునికి నిజ మీ యిద్దఱి మాటలను సరిపోల్చుకొనుటవలననే లభించును.

1930లో నిర్మాతల జట్లను దొలఁగించి దేశములపేర జట్లను గూర్చి, వ్యయమునకై ప్రకటనల బండ్లను బందెమునకు ముందు నడిపించెను. 1933 నాఁటి పందెకాలమున లోటో 8,54,000 ప్రతుల పరాకాష్ఠను జేరెను. 1940 ఆగస్టులో దెగ్రాంజు మరణించెను. శత్రుసేనల యేలుబడిలోఁ బ్రచురింపఁబడుచుండుటచే 1944లో దేశము విముక్త మైనతోడనే పత్రిక మూయఁబడెను. దాని స్థానమున 1946 ఫిబ్రవరి 28వ తేదిని లెకీప్ అనునది పుట్టెను. పందెము 1947లో మఱల సాగెను. పత్రికకొఱకుఁ బుట్టిన పందెము పత్రికకంటెఁ జిరంజీవి యయ్యెను.

మొదటి సందేహమునకు దీర్ఘకాలానంతరము వేఱొక సమాధానము లభించినది. 2005 ఆగస్టులో లెకీప్, తాను జేరిన సంస్థయే పందెమును నడపుచుండఁగా, ఏడుమాఱులు గెలిచిన ఆర్మ్‌స్ట్రాంగుయొక్క 1999 నాఁటి మూత్రనమూనాలలో నిషిద్ధౌషధము కనఁబడినదని ప్రకటించెను. అతఁడు దానిని నిరాకరించెను. 2012లో నా యేడు విజయములును రద్దు చేయఁబడినవి. 2013లో నతఁడే యొప్పుకొనెను. అతఁడు పందెములను జాలించిన పిమ్మటఁగాని యీ వార్త రాలేదన్న మాట నిజమే. అయినను దన యింటి సంపదకుఁ గీడు దెచ్చు మాటను బలుకుట సామాన్యము గాదు.

దీనినిబట్టి కర్తృత్వము సాక్షిత్వమును సర్వథా చంపునది గాదని తేలుచున్నది. మనువు చెప్పిన యర్థసంబంధము సాక్ష్యమున కాక్షేపమే. తన లాభమునకు విరుద్ధముగఁ బలికిన సాక్ష్యమున కా యాక్షేపము వర్తింపదు. లోటో పాఠకులను గర్తృమార్గమున సంపాదించెను. వారి విశ్వాసము మాత్రము 1904లోను, 2005లోను దనకు నష్టమైనదానిని జెప్పినప్పుడే యా పరంపరకు న్యాయముగ దక్కినది. ప్రతుల సంఖ్య పందెమువలనఁ బెరుగును. పత్రిక మాటకు విలువ సాక్ష్యమువలననే కలుగును.