పామేడు అడవి బాటలు: అక్కడ ఏ సైకిల్ నడుస్తుంది?

మౌంటెయిన్ బైకింగ్ చేసేవాళ్లకు 'సింగిల్ ట్రాక్' అనే మాటంటే ఇష్టం. ఒక్క సైకిల్ మాత్రమే పట్టే సన్నని మట్టి బాట అని అర్థం. ఎదురుగా మరొకరు వస్తే ఎవరో ఒకరు పక్కకు దిగాల్సిందే. అలాంటి బాట కోసం హైదరాబాద్ రైడర్లు ఆదివారం చీకటితో లేచి, కారు వెనక సైకిళ్లు కట్టుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్తుంటారు.

ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు చుట్టుపక్కల ఊరికీ ఊరికీ మధ్య చాలాకాలంగా ఉన్నది ఇలాంటి బాటే. అక్కడ దాన్ని ఎవరూ ఆట అనుకోలేదు. బియ్యం బస్తా, ఉప్పు, ఇప్పపువ్వు, జ్వరమొచ్చిన మనిషి, అన్నీ ఆ బాట మీదే కదిలాయి. కొంత సైకిల్ మీద, ఎక్కువగా కాలినడకన.

చర్లకు దగ్గర, జిల్లా కేంద్రానికి దూరం

పామేడు బీజాపుర్ జిల్లా ఉసూరు బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల నుంచి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఈ ప్రాంతంలో దొర్ల, కోయ జనం ఎక్కువ. తెలుగు బాగానే నడుస్తుంది. సంతకైనా, ఆసుపత్రికైనా చర్ల, భద్రాచలం వైపు రావడం వీళ్లకు తరాల అలవాటు.

దంతెవాడ నుంచి విడదీసి 2007లో బీజాపుర్‌ను జిల్లా చేశారు. అయితే సొంత జిల్లా కేంద్రం నుంచి వాహనంలో పామేడు చేరాలంటే తెలంగాణలోకి వచ్చి, 200 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరిగి వెళ్లాల్సిన పరిస్థితి ఏళ్ల తరబడి కొనసాగింది. బాసగూడ, తర్రెం వైపు నుంచి భద్రతా శిబిరాలు ఒక్కొక్కటిగా ముందుకు జరుగుతూ, వాటి వెంట రోడ్డు రావడం ఇటీవలి మార్పు.

ఇది అభయారణ్యం కూడా. అడవి దున్నల కోసం 1983లో ప్రకటించిన పామేడు అభయారణ్యం విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. అడవి దున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు.

నేల ఎలాంటిది?

హిమాలయాల్లోలా గంటల తరబడి ఎక్కే చడావులు ఇక్కడ ఉండవు. పరీక్ష వేరే రకం. ఎర్ర గులకమట్టి మీద ముందు చక్రం జారుతుంది. వాగుల ఇసుకలో వెనక చక్రం కూరుకుపోతుంది. పొలం గట్టు మీద హ్యాండిల్ కొంచెం పక్కకు తిరిగిందా, బురదలోకే. చెట్ల వేళ్లు, ఎండుటాకుల కింద దాగిన రాళ్లు సరేసరి. వీటన్నిటినీ మించింది వెదురు ముల్లు. రోడ్డు సైకిల్ టైర్‌ను అది సూదిలా గుచ్చేస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చాలా బాటలు పనికిరావు. తాలిపేరు, దానిలో కలిసే వాగులు పొంగితే అవతలి ఊళ్లు అవతలే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు నేల గట్టిగా, గాలి చల్లగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వు కాలం. రాలిన పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకులు తగలబెట్టి శుభ్రం చేస్తారు. తెల్లవారకముందే పిల్లాపెద్దా గంపలతో అడవిలో ఉంటారు. ఇప్పపువ్వు కోసం ఎలుగుబంట్లు కూడా ఆ వేళకే దిగుతాయి. ఆ తర్వాత ఎండాకాలం తునికాకు కోత. అంటే బయటివాళ్లు 'ఖాళీ అడవి' అనుకునే నెలల్లోనే ఈ బాటలు బాగా రద్దీగా ఉంటాయి.

బాటల అసలు బండి

ఇక్కడ పని చేసే సైకిల్ అందరూ ఎరిగిన నల్ల సైకిలే: 28 అంగుళాల చక్రాలు, ఉక్కు ఫ్రేమ్, రాడ్ బ్రేకులు, వెనక గట్టి క్యారియర్, ఒకటే గేరు. ముందు పళ్లచక్రానికి సాధారణంగా 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదును నేలకు సరిపోయే లెక్క అది. అదే నేటి మౌంటెయిన్ బైక్‌లో ముందు 32, వెనక 51 పళ్లు పెట్టుకుంటే పెడల్ చుట్టుకు చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదు. నిటారు చడావు కూడా కూర్చునే ఎక్కొచ్చు.

నల్ల సైకిల్ మీద చడావు వస్తే దిగి తోస్తారు. బరువు వేసుకున్నప్పుడు మొదటి నుంచీ తోయడమే. ఇందులో చిన్నతనమేమీ లేదు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి వియత్నాం జనం అడవి బాటల్లో సామాన్లు చేరవేసింది ఇలాగే. హ్యాండిల్‌కు, సీటు గొట్టానికి వెదురు కర్రలు కట్టి, ఒక్కో సైకిల్ మీద 200 కిలోలకు పైగా వేసి తోసుకుంటూ వెళ్లారు. తోసేటప్పుడు సైకిల్ వాహనం కాదు, రెండు చక్రాల కావడి.

నల్ల సైకిల్‌కు లోపాలు లేకపోలేదు. వానలో రిమ్ము తడిస్తే రాడ్ బ్రేక్ దాదాపు పని చేయదు. బురద మడ్‌గార్డ్‌లో ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది. కానీ విరిగిన ఫ్రేమ్‌ను వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. ట్యూబు, ఇరుసు, గోళీలు మండల కేంద్రంలోని ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. అడవిలో 15 కిలోమీటర్లు లోపలికి వెళ్లినవాడికి తేలికైన సైకిల్ కంటే ఇదే ముఖ్యం.

అసలు మౌంటెయిన్ బైక్ పుట్టింది కూడా ఇలాంటి పాత బండ్ల నుంచే. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో కొందరు యువకులు లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లను కొండ మీదికి చేర్చి, మట్టి దారిలో కిందికి పందెం వేసుకునేవారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి హబ్‌లోని గ్రీజు కాలి పొగలొచ్చేది. మళ్లీ గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరు. మొదటి పందెం 1976 అక్టోబర్ 21న జరిగింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, టామ్ రిచీ వంటివారు ఆ గుంపులోంచే వచ్చారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో మౌంటెయిన్ బైక్ దుకాణాల్లో విరివిగా దొరకడం మొదలైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది పతకాల ఆట.

మరి ఏది కొనాలి?

దక్కన్ గుట్టలకైనా, బస్తర్ లాంటి నేలకైనా హార్డ్‌టెయిల్ చాలు. అంటే ముందు ఫోర్క్‌కు మాత్రమే సస్పెన్షన్ ఉండి, వెనక గట్టిగా ఉండే సైకిల్. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నది పెద్ద రాళ్ల దిగుళ్లకు బాగుంటుంది కానీ, అందులోని బేరింగులు, షాక్ అబ్జార్బర్ సర్వీసుకు నగరానికే రావాలి. తక్కువ ధరలో 'డబుల్ సస్పెన్షన్' అని అమ్మేవాటికి దూరంగా ఉండటం మంచిది. వాటిలో పెరిగేది బరువే.

డబ్బు పెట్టాల్సింది ముందుగా టైర్ల మీద. 2.2 అంగుళాలు, అంతకన్నా వెడల్పున్న టైర్‌లో గాలి తగ్గించి నడిపితే నేలను పట్టుకుంటుంది. రోడ్డు సైకిల్‌లా రాయిలా గాలి కొడితే ప్రతి గులకరాయికీ ఎగురుతుంది. ముళ్ల నేలకు ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ ద్రవం ఉంటే చిన్న రంధ్రాలు వాటంతటవే పూడుకుంటాయి. అయినా సంచిలో ఒక ట్యూబు ఉండాలి.

బ్రేకుల విషయంలో నగర రైడర్లు హైడ్రాలిక్ డిస్క్‌నే మెచ్చుకుంటారు. ఒక్క వేలితో ఆగుతుంది, నిజమే. కానీ ఆయిల్ కారితే దారిలో చేయగలిగిందేమీ లేదు. కేబుల్‌తో పని చేసే మెకానికల్ డిస్క్ అయితే తెగిన తీగ మార్చుకుని ఇల్లు చేరొచ్చు. మారుమూల దారికి రెండోదే మేలు.

చక్రం సైజు మీద తగవు ఎప్పటికీ తేలదు. 29 అంగుళాలది గుంతల మీద తేలిగ్గా దొర్లుతుంది. 27.5 మలుపుల్లో చురుగ్గా ఉంటుంది. 26 పాతబడిపోయింది, కానీ చిన్న ఊళ్ల దుకాణాల్లో దొరికే ట్యూబు అదే. అవసరానికి 26 ట్యూబును సాగదీసి 29 చక్రంలో వేసుకోవచ్చు. గాలి పంపు సంగతి మరవకూడదు. ఖరీదైన సైకిళ్లకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వ్‌కు ఊళ్లోని పంపు పట్టదు. వేలెడంత కూడా లేని అడాప్టర్ లేక సైకిల్‌ను తోసుకుంటూ వచ్చినవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. గేరు మార్చే డిరేలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న హ్యాంగర్ కూడా అంతే. మోడల్‌కో రకం కాబట్టి వంగితే బదులు దొరకదు.

పని సైకిల్‌కూ కొత్త ఆలోచనలు వచ్చాయి. 2005లో మొదలైన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ సంస్థ ఆఫ్రికా పల్లెల కోసం తయారు చేయించిన సైకిల్ క్యారియర్ 100 కిలోలు మోస్తుంది. కేబుళ్లు లేవు, వెనక్కి తొక్కితే బ్రేకు. దాని పేరు 'బఫెలో'. అడవి దున్నల పామేడుకు పేరులోనూ సరిపోయే బండి.

సైకిళ్ల మధ్య ఎకసెక్కాలు

రైడర్ల గుంపులో మర్యాదకన్నా ఎత్తిపొడుపే ఎక్కువ. కార్బన్ ఫ్రేమ్ కొని 2 కిలోలు తగ్గించానని చెప్పేవాడికి వెంటనే వచ్చే జవాబు: "ఆ రెండు కిలోలూ పొట్టలో తగ్గిస్తే లక్ష మిగిలేది కదన్నా!" చడావులో దిగి నడిచినవాడిని "సైకిల్ నిన్ను తీసుకెళ్లిందా, నువ్వే దాన్ని తీసుకెళ్లావా?" అని అడుగుతారు. మనిషికి ఎన్ని సైకిళ్లు కావాలన్న ప్రశ్నకు ప్రపంచమంతా ఒకటే లెక్క: ఇప్పుడున్నవి, ఇంకొకటి.

గేరు సైకిల్ పల్లెలోకి వెళ్లగానే ఎకసెక్కం తిరగబడుతుంది. మొదట ధర అడుగుతారు. చెప్పాక కాసేపు నిశ్శబ్దం. తర్వాత "స్టాండ్ ఏది? క్యారియర్ ఏది? మడ్‌గార్డ్ కూడా ఇవ్వలేదా?" అని వరసగా వస్తాయి. బస్తా కట్టడానికి చోటు లేని, గోడకు ఆనిస్తే తప్ప నిలబడని బండికి అంత డబ్బు పోశావా అన్నది వాళ్ల ప్రశ్న. రైడర్ దగ్గర దీనికి గట్టి జవాబు ఉండదు.

వెళ్లొచ్చా?

సరదా రైడ్ కోసమైతే, ఈ బాటల్లోకి వెళ్లకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 27, 28 సెక్షన్ల ప్రకారం అభయారణ్యంలోకి బయటివాళ్లు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అక్కడ నివాసం, భూమి ఉన్నవాళ్లకు, ప్రభుత్వ రహదారి మీద వెళ్లేవాళ్లకు మినహాయింపు ఉంది. అడవి బాట ప్రభుత్వ రహదారి కాదు.

అంతకన్నా పెద్ద కారణం మందుపాతరలు. ఛత్తీస్‌గఢ్-తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 వరకు జరిగిన ఆపరేషన్‌లోనే 450 ఐఈడీలను వెలికితీసినట్లు కేంద్రం ప్రకటించింది. ఒత్తిడికి పేలేవాటికి జవాను, గొర్రెల కాపరి, సైకిల్ అన్న తేడా లేదు. బస్తర్‌లో ఇప్పపువ్వుకు, తునికాకుకు వెళ్లిన గ్రామస్థులు వీటికి బలయ్యారు. కాబట్టి 'కొత్త దారి కనిపెట్టడం' అన్న సరదాకు ఇక్కడ చోటు లేదు. పని మీద వెళ్లాల్సినవాళ్లు పగటిపూట, పెద్ద రోడ్డు వదలకుండా వెళ్లాలి.

ఇంకో సంగతి, ఈ బాటలే మారిపోతున్నాయి. 2021 మేలో పక్కనే సుకుమా జిల్లా సిల్గేర్‌లో శిబిరానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనపై కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత నెలల తరబడి సాగిన ఆందోళనలో రోడ్డు వెడల్పు కూడా ఒక అంశమైంది. బడికి, ఆసుపత్రికి దారి వేరు, గ్రామసభను అడగకుండా పొలాల మీదుగా వచ్చే వెడల్పు రోడ్డు వేరు అన్నది అక్కడ వినిపించిన వాదన. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే రోడ్డు లేకుండా అంబులెన్స్ రాదు, రేషన్ రాదు. అదీ అబద్ధం కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సరస్వతి సైకిల్ పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ ఇస్తుంది. అది అందాలంటే ముందు తొమ్మిదో తరగతి ఉన్న బడి చేరువలో ఉండాలి. సల్వాజుడుం మొదలైన 2005 తర్వాత ఈ జిల్లాలో మూతపడిన బడులు తెరుచుకోవడానికి ఏళ్లు పట్టింది.

బాట ఎవరిదన్న తగవు బస్తర్‌కే పరిమితం కాదు. మౌంటెయిన్ బైక్ పుట్టిన మారిన్ కౌంటీలోనే, మౌంట్ టమల్‌పాయిస్ సన్న బాటల్లో నడిచేవాళ్లకు ఇబ్బందని సైకిళ్లను నిషేధించారు. హైదరాబాద్ రైడర్లకు చాలామందికి తొలి పాఠాలు నేర్పింది సెంట్రల్ యూనివర్సిటీ రాళ్లూ పొదల మధ్య దారులు. దాని పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది.

అనంతగిరిలోనైనా మరో గిరిజన ప్రాంతంలోనైనా, అనుమతి ఉన్న చోట తొక్కేవాళ్లకు అంతర్జాతీయంగా ఒక నియమం ఉంది: దిగేవాడు ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. మన అడవి బాటల్లో దీనికి ఇంకొకటి కలుపుకోవాలి. తల మీద కట్టెల మోపుతోనో, సైకిల్ మీద బస్తాతోనో ఎదురొచ్చే మనిషి ఆగితే మళ్లీ కదలడం కష్టం. అలాంటివాళ్లు కనబడగానే ఖాళీ సైకిల్ బాట దిగి నిలబడాలి, ముళ్ల వైపైనా సరే.