తవ్వింది నీళ్లకు

కాణిపాకం స్థలపురాణం మన చిత్తూరు వైపు అందరికీ తెలుసు. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు ఎండిన బావిని లోతు చేస్తుంటే పార రాయికి తగిలింది, నెత్తురు చిమ్మింది, వినాయకుడు బయటపడ్డాడు. వాళ్లు తవ్వింది నీళ్లకు, దొరికింది దేవుడు. ఇలాంటిదాన్ని ఇంగ్లీషులో సెరెండిపిటీ అంటారు, అనగా వెతకని మేలు ఎదురుకావడం. ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ 1754లో ఒక ఉత్తరంలో ఈ మాట పుట్టించాడు. సెరెండిప్, అంటే సింహళం, రాజకుమారుల కథ దానికి ఆధారం, అక్కడా ముగ్గురే. వట్టి అదృష్టానికి ఈ మాట చెల్లదు. లాటరీ కొన్నవాడు డబ్బుకే కొన్నాడు. సెరెండిపిటీలో మనిషి వేరే పనిలో ఉండాలి, ఎదురైనదాని విలువ గుర్తుపట్టాలి.

కోరకుండా వచ్చే ఫలితాలకు ఇలాంటి ఇంగ్లీషు మాటలు ఇంకా ఉన్నాయి. సైడ్ ఎఫెక్ట్ అంటే పక్క ఫలితం. కోరిన ఫలితం వచ్చి, దాని పక్కన ఇంకొకటి రావాలి. పత్రికలు దీన్ని 'దుష్ప్రభావం' అంటాయి. అది ఇరుకు మాట. పక్కన వచ్చేదంతా చెడు కాదు. రక్తపోటుకు ఇచ్చిన మినాక్సిడిల్ వెంట్రుకలు పెంచింది, తర్వాత ఆ పనికే మందు అయింది.

బైప్రాడక్ట్ వేరు. చెనక్కాయల నూనె తీస్తే చెక్క మిగులుతుంది. మిగులుతుందని ముందే తెలుసు, దానికి బేరమూ ఉంది.

బ్యాక్‌ఫైర్‌కు మనకు చక్కని మాట ఉంది: బెడిసికొట్టడం. అంటే, ఏ మేలు కోరి పని చేశామో ఆ మేలుకే దెబ్బ తగలడం. 'వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది' అన్న సామెతను దీనికి వాడుతుంటారు. అది సరిగా అతకదు. వినాయకుడు కుదరలేదు, అంతే, అది వైఫల్యం.

ఇక ఎక్స్‌టర్నాలిటీ. అర్థశాస్త్రం మాట, పలకడానికి బరువు, కానీ ఈ నేలకు అన్నిటికంటే అవసరం. ఒకరి పని ఖర్చు గానీ మేలు గానీ, ఆ పనిలో భాగం లేని వేరొకరికి చేరడం దీని అర్థం. నా బోరులో నీళ్లు పడ్డాయి, పక్క చేని బావి ఎండింది. నాకు పని నెరవేరింది, బెడిసికొట్టలేదు. ఖర్చు మాత్రం పక్కవాడిది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక, ఎంత లోతు నుంచి తోడినా రైతుకు బిల్లు తెలియదు. మేలు కోరి ఇచ్చిందే. బోర్లు ఇంకా లోతుకు దిగడానికి అదీ ఒక కారణమైంది. అందరూ దిగాక నీటిమట్టం అందరికీ పడిపోయింది. విడిగా ఎక్స్‌టర్నాలిటీ అయినది, కలిపి చూస్తే బ్యాక్‌ఫైర్.

కొలేటరల్ డ్యామేజ్ అన్న మాటను దీనికి వాడకండి. బ్యాంకులో కొలేటరల్ అంటే అప్పు పక్కన నిలిచే తాకట్టు. యుద్ధంలో కొలేటరల్ డ్యామేజ్ అంటే గురి పక్కన ఉండి చచ్చిన జనం, కూలిన ఇళ్లు. చావును 'పక్క నష్టం' అని సరిపెట్టే మాట అది.

చివరిది అసలైన చిక్కు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్, మన పనుల ఫలితాల మీద 1936లో రాసిన ప్రసిద్ధ వ్యాసం శీర్షికలో 'అనాంటిసిపేటెడ్' అన్నాడు, అనగా ఊహించని. ఇప్పుడు అందరూ అనేది 'అనింటెండెడ్', అనగా ఉద్దేశించని. రెండూ ఒకటి కావు. మన 'అనుకోలేదు' ఈ రెండింటినీ మింగేస్తుంది: 'అలా చేయాలనుకోలేదు' అన్నా అనుకోలేదే, 'అలా జరుగుతుందనుకోలేదు' అన్నా అనుకోలేదే. పక్క బావి ఎండాలని ఏ రైతూ కోరడు. కానీ ఎండుతుందని ఊరందరికీ తెలుసు. కొత్త బోరుకు అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెప్పింది కూడా అందుకే. వెయ్యి అడుగులు దించినవాడు 'ఉద్దేశించలేదు' అంటే ఒప్పుకోవచ్చు. 'ఊహించలేదు' అంటే అది అబద్ధం.