లోన్ బకాయి పడ్డ ఇల్లు కిరాయికి ఇవ్వొచ్చా? నోటీసుకు ముందు ఒక లెక్క, తర్వాత ఒక లెక్క

చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా పోయే హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు వెంట కాలేజీలు, రిసార్టులు, ఫాంహౌసులు వచ్చాయి. వాటి వెంటే కిరాయి ఇండ్లకు గిరాకీ వచ్చింది. లోన్ తీసి ఇల్లు కట్టుకున్న దళిత కుటుంబానికి కిస్తీలు భారమైతే మొదట తోచే దారి ఇదే: ఒక పోర్షనో, ఇల్లంతానో కిరాయికి ఇచ్చి, ఆ పైసలతో బాకీ కట్టడం. సకాలంలో చేస్తే ఇది ఇంటిని నిలబెడుతుంది. ఆలస్యంగా, బ్యాంకుకు చెప్పకుండా చేస్తే ఇంటివాళ్లతో పాటు కిరాయిదారులూ మునుగుతారు.

నోటీసు రాకముందు

ఇల్లు తాకట్టులో ఉన్నంత మాత్రాన కిరాయికి ఇవ్వొద్దని చట్టం చెప్పదు. ఆస్తి బదిలీ చట్టం 65-ఎ సెక్షన్ ప్రకారం మూడేండ్లకు మించకుండా, న్యాయమైన కిరాయికి, ముందస్తు కిరాయి తీసుకోకుండా ఇవ్వొచ్చు. అయితే లోన్ ఒప్పందంలో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది. చాలా ఒప్పందాల్లో బ్యాంకు అనుమతి తప్పనిసరి అని రాసి ఉంటుంది. కాబట్టి ముందు ఆ కాగితం తీసి చదివించుకోవాలి. కిరాయి నేరుగా లోన్ ఖాతాలో పడేలా చేస్తామని రాసిస్తే అనుమతి అడగడానికి బలం ఉంటుంది.

నోటీసు వచ్చాక

కిస్తీ 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. అది అందిన నాటి నుంచి బ్యాంకు లిఖిత అనుమతి లేకుండా ఇంటిని అమ్మడానికి గానీ లీజుకు ఇవ్వడానికి గానీ వీల్లేదని 13(13) చెబుతోంది. నోటీసు తీసుకోకుండా తిరగడం వల్ల గడువు ఆగదు. అభ్యంతరాలు రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే 45 రోజుల్లో హైదరాబాద్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. వేలం ప్రకటన వెలువడేలోపు మొత్తం బాకీ, ఖర్చులు కడితే ఇల్లు మళ్లీ మీదే. ఆ ప్రకటన వచ్చాక ఆ హక్కు పోతుంది.

కిరాయిదారు జాగ్రత్తలు

నిజమైన కిరాయిదారును సర్ఫేసీ పేరు చెప్పి ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేరని సుప్రీంకోర్టు 2016లో విశాల్ కల్సారియా కేసులో చెప్పింది. 2019లో బజరంగ్ అగర్వాల్ కేసులో మాత్రం, నోటి మాట ఒప్పందంతో ఎక్కువ కాలం ఉండే హక్కు అడగలేరని తేల్చింది. అందుకే రిజిస్టరైన పత్రం, బ్యాంకు ద్వారా కట్టిన కిరాయి రసీదులు ఉండాలి. ఇంటిపై బకాయి ఉందని తెలిస్తే పెద్ద అడ్వాన్స్ ఇవ్వొద్దు. వేలంలో ఇల్లు పోతే అడ్వాన్స్ కోసం పాత యజమాని వెంటే తిరగాల్సి వస్తుంది. ఇంటివాళ్లు కూడా బకాయి సంగతి దాచకూడదు. దాచి అడ్వాన్స్ తీసుకుంటే మోసం కేసు దాకా పోవచ్చు.

అందరికీ జప్తు అధికారం లేదు

సర్ఫేసీ అధికారం బ్యాంకులకు, గుర్తించిన ఫైనాన్స్ సంస్థలకే ఉంది. హౌసింగ్ ఫైనాన్స్ కాని ఇతర ఎన్‌బీఎఫ్‌సీలకు 20 లక్షల రూపాయలు, ఆపై అప్పులకే ఈ దారి ఉంది. వడ్డీ వ్యాపారికి అస్సలు లేదు. అతను సివిల్ కోర్టుకు పోవాల్సిందే. ఇంటికి తాళం వేసే హక్కు అతనికి లేదు. వసూలుకు వచ్చి నలుగురి ముందు కులం పేరుతో తిట్టినా, అక్రమంగా ఇంట్లోంచి వెళ్లగొట్టినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు.

అసైన్డ్ భూమైతే

1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్నే కాదు, తాకట్టును, లీజును కూడా నిషేధించింది. ప్రభుత్వ సంస్థలు, సహకార సంఘాలు, షెడ్యూల్డ్ బ్యాంకుల వంటి వాటి దగ్గర పెట్టే తాకట్టుకు మాత్రం మినహాయింపు ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన తాకట్టు చెల్లదు. అసైన్డ్ భూములపై దళితులకు, ఆదివాసీలకు పూర్తి హక్కులిస్తామని కాంగ్రెస్ 2023 ఆగస్టు 26న ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్‌లో మాటిచ్చింది ఈ చేవెళ్లలోనే. ఆ మాట చట్టమయ్యే దాకా పట్టాలోని షరతులు చూసుకోకుండా కిరాయి పత్రం రాయొద్దు.

వకీలుకు పైసల్లేకపోతే

1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితితో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. లేదంటే రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు. లోన్ ఒప్పందం, బ్యాంకు నోటీసు, అది వచ్చిన కవరు, ఇంటి పట్టా, కిరాయి పత్రం, కట్టిన కిస్తీల రసీదులు వెంట ఉంచుకోవాలి. కవరు మీది తేదీ కూడా సాక్ష్యమే. గడువు దాటకముందే పోవడం ముఖ్యం.