కరిగే యాంకర్లు, మిగిలే జాడలు: భుజ శస్త్రచికిత్సానంతర చిత్రణ - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

భుజాన్ని ఎత్తడానికీ తిప్పడానికీ తోడ్పడే నాలుగు కండరాల టెండన్లు భుజాస్థి శీర్షాన్ని కప్పి ఉంటాయి. ఈ సముదాయమే రొటేటర్ కఫ్. ఎముక నుంచి తెగిన టెండన్‌ను తిరిగి అతికించడానికి శస్త్రవైద్యులు ఎముకలోకి యాంకర్ అనే చిన్న మేకును దించి, దానికున్న దారాలతో టెండన్‌ను ఎముకకు బిగిస్తారు. టెండన్ అతుక్కున్న తరువాత ఆ మేకుతో పని లేదు. పని తీరాక అది శరీరంలోనే కరిగిపోవాలి, దాని చోట ఎముక పెరగాలి అన్న ఆశయం నుంచి కరిగే యాంకర్లు పుట్టాయి. ఆ ఆశయం ఏ మేరకు నెరవేరిందో తేల్చినది చిత్రణ విధానాల చరిత్ర. ఫిల్ముపై కనిపించకపోవడం, శరీరంలో కరిగిపోవడం, ఖాళీలో ఎముక పూడటం అనేవి మూడు వేర్వేరు విషయాలు. వాటిని వైద్యులు విడదీసి చూడటం నేర్చుకున్న క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. కాడ్‌మన్ ప్రశ్న

1895లో రంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్న కొద్ది కాలానికే వాటిని వైద్యంలో వినియోగించినవారిలో బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్ ఒకరు. తెగిన సుప్రాస్పైనేటస్ టెండన్‌ను కుట్టిన వృత్తాంతాన్ని ఆయన 1911లో ప్రకటించారు; 1934లో భుజంపై సమగ్ర గ్రంథాన్ని వెలువరించారు. చికిత్స సఫలమైందో కాదో తెలియాలంటే ప్రతి రోగినీ తగినంత కాలం గమనించాలన్నది ఆయన ‘ఎండ్ రిజల్ట్’ సిద్ధాంతం. ఎంత కాలం చూడాలి, దేన్ని చూడాలి అన్న ఆ ప్రశ్నే తరువాతి కాలంలో కరిగే యాంకర్లకూ వర్తించింది.

2. లోహం నుంచి పాలిమర్‌కు

భుజంలో వాడిన లోహపు స్క్రూలు, స్టేపుల్స్ వదులై కదలడం, కీలులోకి జారి మృదులాస్థిని గీరడం వంటి ఉపద్రవాలను 1984లో జుకర్‌మన్, మాట్‌సెన్ నమోదు చేశారు. దీనికి తోడు లోహం ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని వక్రీకరిస్తుంది. మరమ్మతు చేసిన టెండన్‌ను పరీక్షించవలసిన చోటే చిత్రం చెదిరిపోతుంది.

ప్రత్యామ్నాయానికి పునాది అప్పటికే పడింది. పాలిలాక్టిక్ ఆమ్లాన్ని శస్త్రచికిత్సలో అమర్చవచ్చునని అమెరికా సైనిక వైద్య ప్రయోగశాలకు చెందిన కులకర్ణి, ఆయన సహచరులు 1966లో ప్రతిపాదించారు. చీలమండ విరుగుళ్లకు కరిగే కడ్డీలను వాడిన ఫలితాలను హెల్సింకీలో రొక్కనెన్ బృందం 1985లో ప్రకటించింది. 1990లలో ఈ పదార్థాలు భుజపు యాంకర్లలోకి ప్రవేశించాయి.

3. ఎక్స్‌రే మౌనం, ఎం.ఆర్.ఐ. సాక్ష్యం

పాలిమర్ యాంకర్ ఎక్స్‌రేలో కనిపించదు. అమర్చిన రోజున ఎంత కనిపించదో, సంవత్సరాల తరువాత కూడా అంతే. ఎముకలో తొలిచిన రంధ్రం మాత్రమే లీలగా తెలుస్తుంది. కాబట్టి ఎక్స్‌రే మౌనం కరిగిపోవడానికి సాక్ష్యం కాజాలదు.

1973లో లాటర్‌బర్ చూపిన మార్గంలో ఎదిగిన ఎం.ఆర్.ఐ. ఈ లోటును తీర్చింది. ఘన పాలిమర్ నల్లగానూ, ద్రవాన్ని ప్రస్ఫుటం చేసే చిత్రాలలో నీరు తెల్లగానూ కనిపిస్తాయి. నల్లని మేకు ఆకారం మిగిలి ఉంటే అది ఇంకా కరగలేదని అర్థం. చుట్టూ తెల్లని వలయం ఉంటే ద్రవం చేరిందని అర్థం. రంధ్రం వెడల్పైతే ఎముక క్షీణించిందని గ్రహించవచ్చు. పూడిన ఎముకను నిర్ధారించడంలో సి.టి. మరింత స్పష్టతనిస్తుంది.

ఈ తేడాలకు మూలం రసాయనశాస్త్రంలో ఉంది. ఈ పాలిమర్లు నీటి చర్యతో విడిపోయి ఆమ్ల స్వభావంగల పదార్థాలనిస్తాయి. పాలిగ్లైకోలిక్ ఆమ్లం నెలలలో కరుగుతుంది. ఆ వేగం వల్ల కలిగే శోథను హెల్సింకీకి చెందిన బోస్ట్‌మన్ 1990లో వివరించారు. స్ఫటికాకార పాలి-ఎల్-లాక్టైడ్ కరగడానికి ఏళ్లు పడుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో చెంప ఎముక విరుగుళ్లకు దాన్ని వాడిన రోగులలో సుమారు 3 సంవత్సరాల తరువాత వాపు కనిపించిందని బెర్గ్‌స్మా బృందం 1990లలో తెలిపింది. ఒక సంవత్సరంతో పరిశీలన ముగించి ఉంటే ఆ వాపు వారి లెక్కలోకి వచ్చేదే కాదు. ఎముక పెరుగుదలకు ఊతమిచ్చే ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ను పాలిమర్‌తో కలిపిన యాంకర్లు తరువాత రావడానికి ఇటువంటి అనుభవాలే ప్రేరణ.

4. చిత్రానికీ రోగికీ మధ్య

చిత్రం చూపినదంతా రోగి అనుభవంలోకి రాదు. సెయింట్ లూయిస్‌లో గలాట్జ్ బృందం పెద్ద చీలికలకు ఆర్థ్రోస్కోపీ ద్వారా మరమ్మతు చేసిన 18 మందిని అల్ట్రాసౌండ్‌తో పరీక్షించగా 17 మందిలో టెండన్ తిరిగి తెగి ఉంది. అయినా వారిలో అత్యధికుల భుజ పనితీరు మెరుగుపడింది. 2004లో వెలువడిన ఈ అధ్యయనం టెండన్‌కు సంబంధించినదైనా యాంకర్ చిత్రాలను చదివేవారికీ హెచ్చరికే. యాంకర్ చుట్టూ ద్రవం కనిపించినంత మాత్రాన మరమ్మతు విఫలమైందని చెప్పలేము. ఆ రెండింటి సంబంధంపై అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. అయితే టెండన్ మళ్లీ తెగి రెండవ శస్త్రచికిత్స అవసరమైతే, కొత్త యాంకర్‌ను నిలిపే ఎముక అక్కడ మిగిలి ఉందా అన్నది నిర్ణాయకమవుతుంది. అప్పుడు పాత రంధ్రపు చిత్రమే శస్త్రవైద్యునికి దారి చూపుతుంది.

ముగింపు

‘కరిగేది’ అన్న విశేషణం ఆ వస్తువుకు తయారైన నాడే లభించింది. దాని యథార్థత మాత్రం ఏళ్ల తరబడి తీసిన చిత్రాల వల్లనే తేలింది. ఆధారం కనిపించనంత మాత్రాన సంఘటన జరగలేదని నిర్ధారించరాదన్నది చరిత్ర పరిశోధకులకు తెలిసిన నియమమే. ఏ సాధనంతో చూశారు, ఎంత కాలం తరువాత చూశారు అన్న రెండు వివరాలు లేకుండా ‘యాంకర్ కరిగిపోయింది’ అని రాసిన వాక్యం అసంపూర్ణమని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.