అరువు తెచ్చుకున్న అరుగు

తొలినాళ్ళ తెలుగు బ్లాగుల్లో టపా ఎంతో వ్యాఖ్యలూ అంత. అచ్చుతప్పు చూపేవారు ఒకరు, పదానికి వ్యుత్పత్తి అడిగేవారు ఒకరు, ‘లింకు’ను ‘లంకె’ అందామా అని వాదించేవారు మరొకరు. పద్యంలో యతి తప్పిందని టపా కిందనే రుజువు చేసిన సందర్భాలు మనలో పాతకాపులకు గుర్తుండే ఉంటాయి. ఆ మాటలన్నీ ఎక్కడ నిలవ ఉంటున్నాయి, ఎవరి అధీనంలో ఉంటున్నాయి అన్న ప్రశ్న మాత్రం అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఉచిత వ్యాఖ్యా ఉపకరణాల చరిత్ర చూస్తే, పట్టవలసిన ప్రశ్న అదేనని తోస్తుంది.

1999లో పైరా ల్యాబ్స్ వారు బ్లాగర్‌ను ప్రారంభించినప్పుడు అందులో వ్యాఖ్యల సదుపాయమే లేదు. 2003లో గూగుల్ దానిని కొన్నది. సొంత వ్యాఖ్యల పెట్టె 2004 మే నెలకు గాని రాలేదు. ఈ అయిదేళ్ళ వెలితిని బయటివారు పూరించారు. వారిలో బాగా వ్యాప్తిలోకి వచ్చినది హాలోస్కాన్. ఖాతా తెరిచి, వారిచ్చిన కొద్దిపాటి జావాస్క్రిప్టును బ్లాగు మూసలో అతికిస్తే చాలు, ప్రతి టపా కిందా ఒక లంకె మొలిచేది. నొక్కితే చిన్న కిటికీ తెరుచుకునేది. రాసిన మాటలు మాత్రం హాలోస్కాన్ వారి సర్వరులో చేరేవి.

వ్యాఖ్య అనే మాటకు మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. కొలిచాల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసినవీ వ్యాఖ్యలే. మూలాన్నీ వ్యాఖ్యనూ ఒకే పుటలో అచ్చువేసుకోవడం మనకు అలవాటు. జావాస్క్రిప్టు పద్ధతిలో మూలం ఒక ఊళ్ళో, వ్యాఖ్య మరొక ఊళ్ళో. చదువరి పుట తెరిచిన ప్రతిసారీ ఆ రెండూ అప్పటికప్పుడు కలవాలి. బయటి సర్వరు నిద్రపోతే టపా కింద శూన్యం. డయలప్ కాలంలో ఆ కలయిక కోసం ఎంతసేపు ఎదురుచూసేవాళ్ళమో చెప్పనక్కరలేదు. పైగా ఇలా చేరిన మాటలు చాలాకాలం పాటు శోధనయంత్రాల కంటపడలేదు. గూగుల్ జావాస్క్రిప్టు వెనుకనున్న వ్యాఖ్యలను చదవడం మొదలుపెట్టినది 2011 చివరన. అంటే మీ టపా కింద ఎవరో ఒక అరుదైన తెలుగు పదానికి చక్కని వివరణ ఇచ్చినా, ఆ పదాన్ని వెదికేవారికి అది దొరికేది కాదు. మరొక చిక్కు మన లిపిది. యూటీఎఫ్-8లో రోమన్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కొక్క సంకేతానికీ 3 బైట్లు కావాలి. గుణింతం గుర్తు వేరే సంకేతం, పొల్లు వేరే సంకేతం. వ్యాఖ్య నిడివికి బైట్ల లెక్కన హద్దు గీసిన చోట ‘లక్ష్మి’ అన్న మాటకే పద్దు తీరిపోతుంది.

వాడుకరుల ఫిర్యాదులు ఎక్కువగా ఇలాంటి కంటికి కనబడే లోపాల గురించే. ఆలస్యం, చెత్త వ్యాఖ్యలు, వద్దన్నా తెరుచుకునే కిటికీ. అసలు లోపం 2009 చివరన బయటపడింది. అంతకు ముందు ఏడాదే జేఎస్-కిట్ అనే సంస్థ హాలోస్కాన్‌ను కొనివేసింది. ఇప్పుడు పాత సేవను మూసివేస్తున్నామని, కావలసినవారు ఏటా సుమారు 10 డాలర్లు చెల్లించి ఎకో అనే కొత్త సేవకు మారవచ్చునని, లేదా తమ వ్యాఖ్యలను దస్త్రంగా దింపుకోవచ్చునని ప్రకటించింది. దింపుకున్న దస్త్రాన్ని ఏం చేసుకోవాలి? బ్లాగర్ దిగుమతి చేసుకునేది తన సొంత రూపంలోని దస్త్రాన్నే. రుసుము కట్టి ఎకోకు మారినవారి పరిస్థితీ ఏమంత మేలు కాదు. 2012లో అదీ మూతపడింది.

ఈ లోగా డేనియల్ హా, జేసన్ యాన్ 2007లో డిస్కస్‌ను తెచ్చారు. నిజానికి అది మంచి పనిముట్టే. వ్యాఖ్యకు వ్యాఖ్య కింద బదులివ్వవచ్చు, అన్ని సైట్లలోనూ ఒకే పేరుతో తిరగవచ్చు. దింపుకునే సదుపాయమూ ఉంది. ఉచితానికి వెల తరువాత తెలిసింది. పుట బరువెక్కింది, ప్రకటనలు చేరాయి. 2012 నాటి 1.75 కోట్ల మంది వాడుకరుల ఈమెయిలు చిరునామాలు చోరీకి గురైన సంగతిని ఆ సంస్థ 2017 అక్టోబరులో ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో అది జీటా గ్లోబల్ అనే మార్కెటింగ్ సంస్థ చేతికి వెళ్ళింది.

మన బ్లాగులకు నేరుగా తగిలిన దెబ్బలు వేరే ఉన్నాయి. ఇటువంటి ఉపకరణం వ్యాఖ్యలను టపాతో ముడివేసేది సాధారణంగా టపా చిరునామా ఆధారంగానే. 2012 జనవరిలో బ్లాగ్‌స్పాట్ చిరునామాలను దేశాలవారీగా మళ్ళించడం మొదలయింది. హైదరాబాదులో తెరిచినవారికి చిరునామా చివర ‘ఇన్’, డల్లాస్‌లో తెరిచినవారికి ‘కామ్’. ముడి సరిచూసుకోని బ్లాగుల్లో ఒకే టపాకు రెండు అరుగులు ఏర్పడి, ఇక్కడివారి మాట అక్కడివారికి వినబడకుండా పోయింది. సగం మంది ఇక్కడా సగం మంది అమెరికాలోనూ ఉండే మన గుంపుకు ఇది చిన్న లోపం కాదు. ఆ మళ్ళింపు 2018లో ఆగింది. 2020లో ‘బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్’ అన్న పేరే గూగుల్ చేజారి పరుల పాలయింది. ఆ రూపంలో పాత టపాల్లో ఇచ్చుకున్న లంకెలు అప్పటినుంచి మనవారి గడపకు చేర్చవు.

రెండవది గూగుల్ ప్లస్. 2013 ఏప్రిల్‌లో బ్లాగర్‌కు దానిని జతచేశారు. దానికి మారిన బ్లాగులో అజ్ఞాతలకూ, కేవలం పేరు రాసి వెళ్ళేవారికీ చోటు లేదు. అజ్ఞాతల బెడద వదిలిందని సంతోషించినవారూ ఉన్నారు, వారిని తప్పుపట్టలేం. 2019లో గూగుల్ ప్లస్‌ను మూసివేసినప్పుడు ఆ ఆరేళ్ళలో దాని ద్వారా వచ్చిన వ్యాఖ్యలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. బ్లాగర్ సొంత పెట్టెలో పడినవి మాత్రం మిగిలాయి. పరాయి సంస్థను నమ్మడం ఒక ఎత్తు, బ్లాగు ఇచ్చిన సంస్థే తన ఉపకరణాన్ని తానే పీకివేయడం మరొక ఎత్తు.

ఆర్కైవ్ వారి వేబ్యాక్ యంత్రంలో ఈ పుటలను వెదికితే టపాలు తరచుగా దొరుకుతాయి. బయటినుంచి తెచ్చి అతికించిన వ్యాఖ్యలు దొరకడం అరుదు. ‘మొన్నటి టపాకు మిత్రులు రాసిన అభ్యంతరాలకు జవాబుగా’ అని మొదలయ్యే టపాలు అక్కడక్కడ కనిపిస్తాయి. జవాబు మొత్తం ఉంటుంది. అభ్యంతరం ఏమిటో దానిని బట్టి ఊహించుకోవాలి.