ఎలెకే: సాంతెరియా మతమున దేవతల పూసలహారములు

ఎలెకే యనునది క్యూబా దేశమున రూపొందిన సాంతెరియా మతమునందు ఒరీషాలనబడు దేవతల పేర గ్రుచ్చి, ఓషధీజలమున శుద్ధిచేసి, దీక్షాపరుల కంఠమున వేయు పూసలహారము. పూసకు యొరూబా భాషలో ఇలేకే యని పేరు. అదియే క్యూబాలోని లుకుమీ యను పూజాభాషయందు ఎలెకే యయినది. స్పానిష్ మాటలాడు సామాన్యజనులు ఈ హారములను కొయారెస్ అని వ్యవహరింతురు. తెలియనివానికి ఇది సంతలో కొన్న రంగుపూసల దండవలె కనబడును; వస్తుదృష్టితో చూచినచో అతడు పొరబడినాడనుటకు వీలులేదు, ఏలయన ఇందలి పూస పెక్కుమార్లు ఐరోపా కర్మాగారములో తయారైన గాజే. దీని ప్రాచీనతను రంగుల కూర్పునందును, లెక్కయందును, హారము ఎవరి చేతినుండి ఎవరి మెడకు వచ్చినదను పరంపరయందును వెదకవలెను.

యొరూబా జనుల నివాసభూమి నేటి నైజీరియా నైఋతిభాగమునందును, దానికి పశ్చిమముననున్న బెనిన్, టోగో దేశములలో కొంతమేరయు వ్యాపించియున్నది. వారి పవిత్రనగరమైన ఇలే ఇఫేలో ఇగ్బో ఒలోకున్ అను వనమున భూమిని త్రవ్వగా గాజు కరగించిన మూసలును, గాజుముద్దలును, అసంఖ్యాకములైన పూసలును బయల్పడినవి. 1910లో ఆ తావును జర్మను అన్వేషకుడు లియో ఫ్రొబేనియస్ లోకమునకు ఎఱుకపఱచెను. ఇటీవలి పరిశోధకులు ఆ గాజును రసాయనికముగ పరీక్షించి, సున్నమును అల్యూమినాయును హెచ్చుగాగల ఆ మిశ్రమము ఐరోపా గాజునకును అరబ్బుదేశముల గాజునకును భిన్నమనియు, దాదాపు 11వ శతాబ్దినుండి 15వ శతాబ్దివరకు స్థానికులే దానిని కరగించి పూసలు చేసిరనియు నిర్ణయించిరి. సెగి యను నీలిపూసకును, పగడములకును, ఎఱ్ఱరాతిపూసలకును అక్కడ గొప్ప గౌరవము గలదు. వానిని ఎల్లరును ధరింపరాదు. ఓబా యనబడు రాజు కిరీటమునకు ముందు పూసల తెర వ్రేలాడుచు ఆయన ముఖమును ప్రజల దృష్టినుండి మఱుగుచేయును. ఇక సామాన్య భక్తులు తమ వంశమునకో, తమ ఊరికో చెందిన దేవత పూసలను మాత్రమే ధరించెడివారు. తరువాతి కథకు ఈ విషయము ముఖ్యము.

15వ శతాబ్దిలో పోర్చుగీసువారు మొదలుకొని ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికా తీరమునకు తెచ్చిన సరకులలో బట్టలు, ఇనుము, తుపాకులు, సారాయి, గవ్వలతోపాటు వెనీసునకు చెందిన మురానో దీవి పూసలును, పిదప బొహీమియా పూసలును ఉండెను. ఆ సరకులకు మాఱుగ వారు కొనిపోయినవానిలో మనుష్యులు లక్షలకొలది. ఒక మనుష్యుని వెలలో కొంతభాగముగా చెల్లిన గాజుపూసవంటి పూసయే, అతని మనుమలు తమ దేవతకై గ్రుచ్చిన హారమునకు సామగ్రి యయినదన్న మాట ఎంత ఆలోచించినను మ్రింగుడుపడదు.

1791లో హైతీ బానిసలు తిరుగబడి అక్కడి చక్కెరతోటలు నాశనమైనపిమ్మట, ప్రపంచపు చక్కెర బేరములో పెద్దభాగము క్యూబావైపు మఱలెను. తోటలకు కూలిచేయు చేతులు కావలసివచ్చెను. సరిగా ఆ కాలముననే యొరూబాదేశమున ఓయో సామ్రాజ్యము అంతఃకలహములచేతను, ఉత్తరమునుండి వచ్చిన ఫులానీల దాడులచేతను కూలుచుండి, 1830 ప్రాంతముల రాజధాని పాడువడెను. ఆ యుద్ధములలో చెఱపడినవారు గుంపులుగుంపులుగ ఓడలకెక్కింపబడిరి. స్పెయిను 1817లో ఇంగ్లండుతో సంధిచేసికొని 1820 నుండి బానిసవర్తకమును నిషేధించినను, దొంగవర్తకము 1860 దశాబ్దివరకు సాగుచునేయుండెను; బానిసత్వము క్యూబాలో 1886లోగాని రద్దుకాలేదు. ఇట్లు వచ్చిన యొరూబాలకు క్యూబాలో లుకుమీలని పేరు వచ్చినది. సంకెళ్లతో కట్టి తెచ్చినవారి మెడలో పూసలు మిగిలియుండెననుకొనుట కష్టము. వారు తెచ్చుకొన్నది ఏ దేవతకు ఏ రంగు, ఏ సంఖ్య యను జ్ఞాపకము.

ఆ జ్ఞాపకమునకు నిలువనీడ యిచ్చినవి కబిల్దోలు. స్పానిష్ ప్రభుత్వము ఆఫ్రికనులు జాతులవారీగ కబిల్దోలను సంఘములుగా ఏర్పడి, పండుగలు జరుపుకొనుటకును, కష్టసుఖములలో ఒకరినొకరు ఆదుకొనుటకును అనుమతించెను. హవానాలోను, దాని రేవునకు ఆవలియొడ్డుననున్న రెగ్లాలోను, మతాన్సాస్ పట్టణమునందును ఈ సంఘముల చాటున ఒరీషాల పూజ వేరూనెను. క్రైస్తవ పునీతుల విగ్రహములును ఒరీషాలును ఒకరికొకరు ముసుగులైరి. నీలిపైట ధరించిన నల్లని రెగ్లామాత సముద్రదేవతయైన యెమయాకును, కోబ్రే దయామాత నదీదేవతయైన ఓచూన్‌కును, ఎఱ్ఱని వస్త్రముల పునీత బార్బరా పిడుగుల దేవుడైన చాంగోకును, కరుణామాత శ్వేతమూర్తియైన ఒబతాలాకును ప్రతిరూపములయ్యెను. ఆ పునీతుల పండుగదినములే, అనగా వరుసగా సెప్టెంబరు 7, సెప్టెంబరు 8, డిసెంబరు 4, సెప్టెంబరు 24, ఇప్పటికిని ఆయా ఒరీషాల పర్వదినములు.

ఆఫ్రికాలో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వంశములు కొలిచిన దేవతలు క్యూబాలో ఒక్క యింటి గదిలో కుదురుకొనవలసివచ్చినందున, ఒక్క దేవత పూసలు ధరించిన తాతల సంతతివారు ఒక్క మెడలో నాలుగైదు దేవతల హారములు వేసికొనసాగిరి. నేడు సాధారణముగ దీక్షారంభమున ఇచ్చునవి ఎలెగ్వా, ఒబతాలా, యెమయా, చాంగో, ఓచూన్ అను అయిదుగురి హారములు. కొన్ని యిండ్లలో నాలుగే యిత్తురు. ఈ పంచహారములు ఆఫ్రికానుండి యథాతథముగ వచ్చిన ఆచారము కాదు, క్యూబాలో అమర్చుకొన్న వ్యవస్థ. అందుచే దాని విలువ తగ్గినదనుకొనువారు, చెల్లాచెదరైన జనము తన దైవములనెల్ల ఒకచోటికి చేర్చుకొనుటకు ఎంత బుద్ధికౌశలము కావలెనో గుర్తింపనివారని చెప్పవలసియున్నది.

ఒక్కొక్క హారము ఒక్కొక్క దేవతకు లక్షణశ్లోకమువంటిది. ఒబతాలా సృష్టికర్త, శాంతస్వరూపుడు; ఆయన హారము స్వచ్ఛమైన తెలుపు, సంఖ్య 8. అయితే ఒక్కొక్క ఒరీషాకు కమీనోలనబడు పెక్కు అవతారభేదములు గలవు. యుద్ధవీరుడైన అయాగునా రూపమున ఒబతాలాను కొలుచువారు ఆ తెల్లపూసల నడుమ ఎఱ్ఱపూసలు చేర్తురు. యెమయా హారమున నీలిపూసలును తెల్లని లేక పారదర్శకమైన పూసలును కలిసి అలలను, నురుగును స్మరింపజేయును. ఆమె సంఖ్య 7. తేనె యన్నను, బంగారమన్నను ప్రీతిగల ఓచూన్‌కు పసుపుపచ్చని లేక తేనెరంగు పూసలు, సంఖ్య 5. కూడళ్లకు అధిపతియై, ద్వారము తెఱచుటకును మూయుటకును సమర్థుడైన ఎలెగ్వాకు ఎఱుపు నలుపు, సంఖ్య 3. ఈ దేవుడే ఒక ప్రక్క ఒక రంగు, రెండవప్రక్క వేఱొక రంగుగల టోపీ ధరించి ఇద్దరు మిత్రుల పొలముల నడుమ నడచిపోగా, టోపీ రంగేదన్న తగవులో వారి స్నేహము చెడెనని యొరూబాదేశమున నొక కథ చెప్పుకొందురు. ఆయన మాలలోని రెండు రంగులను చూచినప్పుడు ఆ కథ స్ఫురింపక మానదు. చాంగో ఓయో రాజులలో ఒకడై దైవత్వమందినవాడని ఐతిహ్యము. ఆయన హారము మొదట కేవలము ఎఱుపనియు, ఆ తీక్ష్ణతను చల్లార్చుటకు ఒబతాలా తన తెల్లపూసలను అందు చేర్చెననియు క్యూబాలోని వృద్ధులు చెప్పుదురు. ఆయన సంఖ్య 6. కొన్ని యిండ్లలో చాంగో హారమునకు 6 ఎఱ్ఱపూసలు, 6 తెల్లపూసలు, అటుపై ఒక ఎఱుపు ఒక తెలుపు చొప్పున ఆఱుసార్లు గ్రుచ్చి, అదే వరుసను తిరిగితిరిగి నడిపింతురు. ఇనుమునకు అధిదేవతయైన ఓగూన్‌కు ఆకుపచ్చ నలుపు, సుడిగాలికిని శ్మశానద్వారమునకును అధిదేవతయైన ఓయాకు ముదురు కెంపుగోధుమ, మశూచివంటి వ్యాధులకు ప్రభువైన బబలూ అయేకు నీలిగీతల తెల్లపూస యని చెప్పుదురు.

హారమును గ్రుచ్చుట దీక్షాగురువుల పని. పురుషుడైనచో పద్రీనో, స్త్రీయైనచో మద్రీనా యందురు. ఇంటిలో చేయితిరిగినవారు వారికి తోడ్పడుదురు. వాడునది పత్తినూలు. చిట్టిపూసలు అన్నియు ఒకే పరిమాణమున ఉండవు గనుక ముందుగ ఏరి, వంకరవానిని, రంధ్రము పూడినవానిని తీసివేసి, లెక్క తప్పకుండ ఎక్కింతురు. హారము ఇంచుమించు నాభివఱకు దిగవలెను. వరుస పూర్తియైనచోటనే కొసలు కలిపి ముడివేయవలెను.

ఇంతవఱకు అది పూసలదండయే. అచే యను దైవశక్తి అందు ప్రవేశించుట ఒమియెరో యను ద్రవముతో జరుగును. ఆయా ఒరీషాలకు చెందిన ఆకులను పాటలు పాడుచు చేతులతో నలిపి, ఆ పసరును వాననీరు, నదీజలము, సముద్రజలము, తేనె, గ్రుడ్డుపెంకుల పొడి మొదలగువానితో కలిపి చేయు ఆ జలమున హారములను కడుగుదురు. ఓషధులకు అధిపతి ఒసాయిన్. ఆకులు నలుపునప్పటి పాటలు ఆయనవి. తరువాత బలిరక్తముతో హారములకు ఆహారమిత్తురు. గ్రహీత స్నానముచేసి, తెల్లబట్టలు ధరించి, తల కడిగించుకొని గురువు ఎదుట వంగగా, ఒక్కొక్క దేవతను పిలుచుచు ఒక్కొక్క హారమును మెడలో వేయుదురు. దీనిని అర్ధదీక్షగా పరిగణింతురు. దీనితో ఆ మనుష్యుడు ఆ గురువుగారి యింటి సంతతియగును. నిద్రించునప్పుడు, స్నానసమయమున, దాంపత్యసమయమున హారములను తీసివేయవలెను. తెగినచో దానిని అపాయసూచనగానో, తనమీదికి రానున్న కీడును హారము భరించినదనియో తలచి, పూసలు ఏరుకొని గురువునొద్దకు పోవుదురు.

పూర్ణదీక్షలో వాడు మాసో దీనికంటె ఘనమైనది. దేవతాసంఖ్యకు అనుగుణముగ పెక్కు పేటలను కలిపి, గ్లోరియా యను పెద్దపూసలతో అక్కడక్కడ బంధించి, కుచ్చులు వ్రేలాడదీయుదురు. దీక్షితుని సింహాసనమున కూర్చుండబెట్టి బంధుమిత్రులకు చూపు దినమున మాసోను భుజముమీదుగ అడ్డముగ వేయుదురు. అటుపై ఆ దేవత నివసించు మూతగిన్నెపై దానిని అలంకరింతురు. ఈ దీక్షకు స్పానిష్‌లో కిరీటధారణ యనియే పేరు. ఇఫేలో రాజునకు మాత్రమే చెల్లిన పూసలగౌరవము, బానిసల మనుమలలో తల దేవతకర్పించిన ప్రతివానికిని ఇట్లు దక్కినది.

1902లో క్యూబా స్వతంత్రమయినను ఈ పూజకు స్వాతంత్ర్యము రాలేదు. ఒక బాలికహత్యను మంత్రగాండ్రకు అంటగట్టిన 1904నాటి కోలాహలముతో పోలీసులు ఇండ్లలో చొఱబడి వాద్యములను, విగ్రహములను, హారములను స్వాధీనము చేసికొనసాగిరి. ఫెర్నాందో ఓర్తీస్ 1906లో ప్రకటించిన తొలిగ్రంథమున ఈ మతమును నేరశాస్త్ర దృష్టితోనే చూచెను. తరువాత ఆయనయే ఆఫ్రో-క్యూబన్ సంస్కృతికి గొప్ప పరిశోధకుడును, సమర్థకుడును అయ్యెను. లీదియా కబ్రేరా 1954లో ప్రకటించిన ‘ఎల్ మొంతే’ గ్రంథమున వృద్ధులైన దీక్షితుల మాటలను వారి నోటివాటముననే లిఖించుటవలన, మూలికలను, దేవతలను గూర్చిన జ్ఞానము ఎంతయో నిలిచినది.

1959నాటి విప్లవానంతరము క్యూబా విడిచినవారితో ఎలెకేలు మయామీ, న్యూయార్కు నగరములకు చేరెను. 1980లో మారియెల్ రేవునుండి బయలుదేరిన సుమారు 1,25,000 మంది రాకతో వాని వ్యాప్తి మఱింత హెచ్చెను. ఫ్లోరిడాలోని హయలియా నగరము జంతుబలిని నిషేధింపగా, అమెరికా సుప్రీంకోర్టు 1993లో ఆ శాసనములు మతస్వాతంత్ర్యమునకు విరుద్ధములని కొట్టివేసెను. క్యూబాలో సయితము 1991లో కమ్యూనిస్టుపార్టీ ఆస్తికులకు సభ్యత్వమిచ్చుటతో హారములు చొక్కాచాటునుండి వీధిలోనికి వచ్చినవి. బొతానికాలను దుకాణములలో ఇప్పుడు గ్రుచ్చి సిద్ధముచేసిన హారములు, ప్లాస్టిక్ పూసలవి సయితము, ఎవరికైనను అమ్ముదురు. ఒమియెరోలో కడుగనిది హారమే కాదని గురువులు వానిని లెక్కింపరు.

ఒసేజేమాన్ అదెఫున్మీ యను ఆఫ్రికన్-అమెరికన్ 1959లో మతాన్సాస్‌లో దీక్షపొంది, 1970లో దక్షిణ కెరొలైనాలో ఒయోతుంజీ గ్రామమును స్థాపించెను. అప్పటినుండి క్రైస్తవముసుగును తొలగించి నేరుగ నైజీరియా పద్ధతులకు పోవలెననువారు బలపడిరి. వారిలో పలువురు భవిష్యద్వాక్కుల దేవుడైన ఓరున్‌మిలాకు నైజీరియాలోవలె ఆకుపచ్చ గోధుమరంగు పూసలు వాడుచుండగా, క్యూబా పరంపర యిండ్లలో ఆకుపచ్చ పసుపుపచ్చలే నేటికిని చెల్లుచున్నవి.