గురుదక్షిణగా ఒక పడవ: మౌ పియాయిలుగ్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక కొత్త పడవ డెలివరీ గురించి. షోరూమ్ నుంచి బండి తెచ్చుకున్నట్టు కాదండోయ్. తయారుచేసిన వాళ్లే ఆ పడవెక్కి, పసిఫిక్ మహాసముద్రంలో వేల కిలోమీటర్లు తెరచాపల మీద వెళ్లి, ఒక ముసలాయన చేతికి అప్పగించి వచ్చారు. 2007లో జరిగింది ఇది.

ముందు ఒక మాట సంగతి చూద్దాం. రెండు దోనెలను పక్కపక్కన పెట్టి, మధ్యలో అడ్డకర్రలతో కలిపిన పడవను ప్రపంచమంతా కాటమరాన్ అంటుంది. ఆ పేరు తమిళం 'కట్టుమరం' నుంచి వెళ్లింది. కట్టిన మరం, అంటే కట్టిన దుంగలు. మన ఉత్తరాంధ్ర తీరంలో తెప్ప అంటాం చూడండి, అదే జాతి. నిజానికి మన తెప్పకీ, పసిఫిక్ జంట దోనెల పడవకీ పోలిక తక్కువే. కానీ రెండింటిలోనూ ప్రాణం తాడు కట్టులోనే ఉంటుంది. అల వచ్చినప్పుడు మేకు కొట్టిన చోట విరుగుతుంది, తాడు కట్టిన చోట కాస్త కదిలి సర్దుకుంటుంది.

ఇక అసలు కథ. మ్యాప్‌లో హవాయి, తాహితి, న్యూజీలాండ్ చూడండి. వాటి మధ్య ఉన్నదంతా నీళ్లే. అయినా యూరప్ నావికులు వెళ్లేసరికే అన్ని చోట్లా మనుషులున్నారు, దగ్గర దగ్గర భాషలు మాట్లాడుతున్నారు. ఎలా చేరారు? 1947లో థోర్ హేయర్‌డాల్ అనే నార్వే ఆయన పెరూ నుంచి తెప్ప మీద బయల్దేరి, గాలి, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు 101 రోజులు వెళ్లి, దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఉండొచ్చన్నాడు. 1950ల్లో ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు ఇంకో మాట అన్నాడు. పరికరాలు లేకుండా అంత దూరం దారి పట్టుకుని వెళ్లడం అసాధ్యం, గాలికి కొట్టుకుపోయి పొరపాటున చేరి ఉంటారని. అంటే హవాయి వాళ్ల తాతముత్తాతలు దారి తప్పిన జాలర్లన్నమాట! ఇది మామూలు పుస్తకాల గొడవ కాదు. 1896లో చట్టం చేసి బడుల్లో వాళ్ల భాషలో చదువు ఆపేశారు. రెండేళ్లకు దేశాన్నే అమెరికాలో కలిపేసుకున్నారు. అప్పటికే చాలా పోగొట్టుకున్న జనానికి, మీ పూర్వీకుల తెలివి కూడా అబద్ధమే అంటే ఎలా ఉంటుంది?

దీన్ని తేల్చడానికి 1973లో హవాయిలో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ పెట్టారు. 1975 మార్చి 8న కొత్త పడవను నీళ్లలోకి దించారు. పొడవు 62 అడుగులు, పేరు హోకులేయా. హవాయి మీద నడినెత్తిన వెళ్లే నక్షత్రం పేరు అది. ఆ నక్షత్రం మనకూ తెలిసిందే, స్వాతి! మనం స్వాతి చినుకు, ముత్యం అని చెప్పుకుంటే, వాళ్లు ఇంటికి దారి చూపే చుక్క అని చెప్పుకున్నారు.

పడవ వచ్చింది గానీ, చుక్కలు చూసి నడిపేవాడేడి? హవాయిలో ఒక్కడు కూడా మిగల్లేదు. దొరికిన మనిషి మైక్రోనేషియాలోని సతావల్ అనే చిన్న దీవివాడు, మౌ పియాయిలుగ్. కొన్ని వందల మంది ఉండే ఊరు. పసివాడిగా ఉన్నప్పుడే తాత ఆయన్ని ఒడ్డున నీటిగుంటల్లో కూర్చోబెట్టేవాడట, సముద్రం కదలిక ఒంటికి పట్టాలని. ఏ చుక్క ఎక్కడ పొడుస్తుంది, ఎక్కడ కుంకుతుంది అనేది చాప మీద రాళ్లు పేర్చి నేర్పారు.

1976 మే 1న హోకులేయా మావీ దీవి నుంచి బయల్దేరింది. దిక్సూచి లేదు, మ్యాప్ లేదు, చేతికి గడియారం కూడా లేదు. పాతకాలంలో లాగే మొక్కలు, కోళ్లు, కుక్క, పంది కూడా ఎక్కాయి. తాహితి 4 వేల కిలోమీటర్లకు పైనే. అసలు చిక్కు దూరం కాదు, గాలి. తాహితి దక్షిణానికి కాస్త తూర్పుగా ఉంటుంది. గాలీ ప్రవాహమూ పడమటికి తోస్తుంటాయి. మొదట్లోనే తూర్పుకి జరగకపోతే దీవి తప్పిపోతుంది. భూమధ్యరేఖ దాటాక ధ్రువనక్షత్రం కనపడదు. మబ్బు పట్టిన రాత్రి మౌ పడవ లోపల పడుకుని, అలలు ఏ పక్క నుంచి కొడుతున్నాయో ఒంటితోనే పట్టేవాడు. పైన సిబ్బంది మధ్య గొడవలు, తిట్లు, చివరికి కొట్టుకోవడం దాకా వెళ్లింది (యూట్యూబ్‌లో చాలామంది ఈ ముక్క వదిలేస్తారు, నాకైతే ఇదే కథను నమ్మేలా చేసింది). నెల దాటాక నేల దగ్గర్లో తిరిగే తెల్ల పక్షులు కనిపించాయి. తర్వాత మతైవా దీవి. జూన్ 4న పపీటే రేవులో 17 వేల మందికి పైగా జనం. పిల్లలు ఎగబడి ఎక్కితే పడవ వెనక భాగం నీళ్లలోకి దిగిపోయిందట!

కానీ మౌకి ఆ గొడవలు నచ్చలేదు. తిరుగు ప్రయాణానికి రానని సతావల్ వెళ్లిపోయాడు. హోకులేయా పరికరాల సాయంతో ఇంటికి వచ్చింది. 1978లో మళ్లీ బయల్దేరితే మొదటి రాత్రే బోల్తా పడింది. మర్నాడు ఎడ్డీ అయికావు అనే లైఫ్‌గార్డ్, సాయం తెస్తానని సర్ఫ్‌బోర్డు మీద లనాయి దీవి వైపు వెళ్లాడు. మిగతావాళ్లను రక్షించారు. ఎడ్డీ దొరకలేదు.

అప్పుడు నైనోవా థాంప్సన్ అనే కుర్రాడు మౌ దగ్గరికి వెళ్లి నేర్పమని అడిగాడు. మౌ 1979లో తిరిగొచ్చాడు. ఈ విద్య పరాయివాళ్లకు చెప్పకూడదనేది వాళ్ల కట్టుబాటు. సొంతవాళ్లే తప్పుపట్టారు. కానీ సతావల్ కుర్రాళ్లు బళ్లకి, మోటారు పడవలకి మళ్లిపోతున్నారు. తనతో పోతే ఇక ఉండదని ఆయనకు అర్థమైంది. కులధర్మం నిలబెట్టడానికి కట్టుబాటు తెంచాడు, ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి. 1980లో నైనోవా పరికరాల్లేకుండా తాహితి వెళ్లి, తిరిగొచ్చాడు కూడా. మౌ అదే పడవలో తోడుగా ఉన్నాడంతే.

ఇక ఆ డెలివరీ. మౌ రుణం తీర్చుకోవాలని షార్టీ, క్లే బెర్టెల్‌మన్ అన్నదమ్ములు, వాళ్ల మనుషులు హవాయి పెద్ద దీవిలో ఆయన కోసం ఒక జంట దోనెల పడవ మొదలుపెట్టారు. క్లే 2004లో పోయాడు, పని ఆగలేదు. 2007 మొదట్లో ఆ పడవ, పక్కన హోకులేయా, రెండూ కలిసి బయల్దేరాయి. మార్షల్ దీవులు, పోన్‌పే, చూక్ దాటుకుని మార్చిలో సతావల్ చేరాయి. మౌ తన పడవ తాను తీసుకున్నాడు. ఆ సమయంలోనే నైనోవా, షార్టీ సహా ఐదుగురు హవాయివాళ్లకు, కొందరు సొంత దీవుల వాళ్లకు 'ప్వో' దీక్ష ఇచ్చాడు. గురువుగా నిలిచే నావికుడి అర్హత అది. సతావల్‌లో కొన్ని దశాబ్దాలుగా ఆ దీక్ష జరగలేదు.

పడవ పేరు అలింగానో మైసు. మైసు అంటే గాలికి రాలిన సీమపనస కాయ. చెట్టు మీదున్న కాయకి యజమాని ఉంటాడు, రాలినది ఎవరైనా ఏరుకోవచ్చు. మౌ 2010లో చనిపోయాడు. పడవను ఆయన కొడుకు సెసారియో యాప్ దీవిలో ఉంచి, కుర్రాళ్లను ఎక్కించుకుని సముద్రం మీదకి తీసుకెళ్లాడు.